చేయి చదివే పాఠం: విజ్ఞాన ప్రదర్శనశాలలు మనకు నేర్పేదేమిటి?

ఉర్దూలో 'తజుర్బా' అని ఒక చక్కని మాట ఉన్నది. ప్రయోగానికీ అదే మాట, అనుభవానికీ అదే మాట. ప్రయోగశాలను 'తజుర్బాగాహ్' అంటారు; అనుభవం కలిగే చోటు అన్నమాట. తెలుగులో ప్రయోగం వేరు, అనుభవం వేరు. రెండు భాషల విద్యార్థులు ఒకే కప్పు కింద చదువుకొనే మన కళాశాలలో ఈ చిన్న భాషాభేదం మమ్మల్ని తరచు ఆలోచింపజేస్తూ ఉంటుంది. మన ప్రయోగశాలలో ఏటేటా ప్రయోగాలు జరుగుతూనే ఉన్నాయి. రికార్డు పుస్తకాలు నిండుతూనే ఉన్నాయి. మార్కులు పడుతూనే ఉన్నాయి. కాని ఆ ప్రయోగాలలో ఎన్ని, ఎందరు విద్యార్థులకు అనుభవాలుగా పరిణమిస్తున్నాయి? చేతితో తాకి, కంటితో చూచి, తప్పు చేసి, ఆ తప్పును తామే పట్టుకొని, 'ఇది నాకు తెలిసింది' అని ధైర్యంగా చెప్పగలవారు ఎందరు? ఈ ప్రశ్నకు సమాధానం వెదుకుతూ, ప్రపంచంలో కొన్ని విజ్ఞాన ప్రదర్శనశాలలు పట్టిన దారిని మన విద్యార్థుల ముందు, కళాశాల పాలక సంఘంవారి ముందు ఉంచడమే ఈ వ్యాసం ఉద్దేశం.

తాళం వేసిన బీరువా

మా విద్యార్థి దశను తలచుకొంటే ముందుగా కళ్ళకు కట్టేది తాళం వేసిన ఒక గాజు బీరువా. అందులో పట్టకాలు, కటకాలు, విద్యుద్దర్శిని, ఇత్తడి తూనికరాళ్ళ పెట్టె వరుసగా అమర్చి ఉండేవి. తనిఖీ అధికారులు వచ్చిననాడు వాటి మీది దుమ్ము తుడిచేవారు. వారు వెళ్ళిన తరువాత మళ్ళీ తాళం పడేది. పరికరం పగిలితే వెల చెల్లించవలెనన్న నియమం గోడ మీద రాసి ఉండేది. ఆ వెల చెల్లించలేని ఇంటినుండి వచ్చిన విద్యార్థి పరికరానికి దూరంగా, చేతులు వెనక్కు కట్టుకొని నిలుచునేవాడు. ఒక్కొక్క బల్లకు నలుగురము. ఇంగ్లీషు బాగా వచ్చినవాడు పుస్తకం చదివేవాడు. చొరవ ఉన్నవాడు పరికరం పట్టుకొనేవాడు. మిగిలిన ఇద్దరమూ అంకెలు దించుకొనేవాళ్ళము. 

ఇంకొక మాట కూడా ఒప్పుకోవలసి ఉన్నది. సరళ లోలకం ప్రయోగంలో గురుత్వ త్వరణం విలువ 980 దరిదాపుల్లో రావాలని మాకు ముందే తెలుసు. లెక్క 930 చూపితే, ఎక్కడ పొరబడ్డామా అని వెదకలేదు. గడియారం చూపిన కాలాన్నే కొంచెం సవరించి 980 రప్పించాము. మార్కులు పడ్డాయి. విజ్ఞానశాస్త్రానికి ప్రాణమైన సత్యనిష్ఠను ప్రయోగశాలలోనే పోగొట్టుకొన్నామన్న సంగతి ఆనాడు తోచలేదు. జవాబు ముందే తెలిసిన ప్రశ్న విద్యార్థిని అన్వేషకుణ్ణి చేయదు. చాలాసార్లు లేఖకుణ్ణి చేస్తుంది, ఒక్కొక్కసారి కపటిని కూడా చేస్తుంది.

తాకమని చెప్పిన ప్రదర్శనశాలలు

'వస్తువులను తాకరాదు' అన్న బోర్డు సాధారణంగా ప్రదర్శనశాలలన్నింటిలో కనిపిస్తుంది. ప్రాచీన శిల్పానికో, పాత వ్రాతప్రతికో ఆ నియమం అవసరమే. కాని అయస్కాంతాన్ని గాజుపెట్టెలో పెట్టి చూపడంలో అర్థమేమున్నది? అయస్కాంతం రూపం చూచేది కాదు. దాని లాగుడు చేతికి తెలియవలసినది. 

ఈ సత్యాన్ని గుర్తించినవారిలో జర్మనీ దేశపు ఇంజనీరు ఆస్కార్ ఫాన్ మిల్లర్ ముఖ్యులు. ఆయన 1903లో మ్యూనిక్ నగరంలో స్థాపించిన డాయిచెస్ మ్యూజియం 1925లో ఇసార్ నది నడుమనున్న లంకలోని సొంత భవనంలోకి మారింది. మీట తిప్పితే కదిలే యంత్రాలు, బొత్తాము నొక్కితే జరిగే ప్రయోగాలు అక్కడి సందర్శకులకు అందుబాటులోకి వచ్చాయి. చూపుతోపాటు చేతికి కూడా పని కల్పించిన ప్రదర్శనశాలగా అది పేరు పొందింది. 

ఈ దారిలో ఇంకా ముందుకు నడచినవారు అమెరికా దేశపు భౌతికశాస్త్రజ్ఞులు ఫ్రాంక్ ఆపెన్‌హైమర్. అణుబాంబు నిర్మాణానికి నాయకత్వం వహించిన రాబర్ట్ ఆపెన్‌హైమర్‌కు ఈయన తమ్ముడు. ఈయన జీవితమే మన విద్యార్థులకు ఒక పాఠం. పూర్వం కమ్యూనిస్టు పార్టీలో సభ్యుడుగా ఉన్న కారణంగా 1949లో ఈయన విశ్వవిద్యాలయంలో ఉద్యోగాన్ని కోల్పోయారు. ఇంకే విద్యాసంస్థలోనూ చోటు దొరకక, కొలరాడో రాష్ట్రంలో పశువులను మేపుకొంటూ సుమారు ఎనిమిదేళ్ళు గడిపారు. 1957లో అక్కడి పగోసా స్ప్రింగ్స్ అనే చిన్న ఊరి ఉన్నత పాఠశాలలో విజ్ఞానశాస్త్రం బోధించే అవకాశం కలిగింది. ఆయన తన విద్యార్థులను పాత ఇనుప సామాను పారవేసే చోటికి తీసుకొనిపోయి, పాడైపోయిన వాహనాల భాగాలను చూపి, వాటితోనే యంత్రశాస్త్రం, ఉష్ణం, విద్యుత్తు బోధించారు. పరికరాలు లేవని ఆయన పాఠం ఆపలేదు. 

తరువాత కొలరాడో విశ్వవిద్యాలయంలో చేరి, విద్యార్థి తనకు తీరిక ఉన్నప్పుడు వచ్చి తానే చేసి చూచుకొనే 'ప్రయోగాల గ్రంథాలయా'న్ని ఏర్పాటు చేశారు. 1965లో యూరప్‌లోని ప్రదర్శనశాలలను పరిశీలించి వచ్చారు. చివరకు 1969లో శాన్‌ఫ్రాన్సిస్కో నగరంలో, 1915 నాటి అంతర్జాతీయ ప్రదర్శనకోసం కట్టిన ఒక పాత భవనంలో 'ఎక్స్‌ప్లొరేటోరియం' అనే ప్రదర్శనశాలను తెరిచారు. 1985లో మరణించేవరకు దాన్ని ఆయనే నడిపారు. 2013లో ఆ ప్రదర్శనశాల అదే నగరపు ఓడరేవులోని 15వ నెంబరు రేవుకట్ట మీదికి మారింది. 

అక్కడ ఏమున్నది? గాలి ధారపైన కిందపడకుండా తేలే బంతి ఉన్నది. తిరిగే పీటమీద నిలుచుని చేతులు చాచితే వేగం తగ్గి, ముడుచుకొంటే వేగం పెరిగే అమరిక ఉన్నది. తన కేక తనకే తిరిగి వినిపించే పొడవాటి గొట్టం ఉన్నది. 1971లో మొదటిసారి ఏర్పాటైన ఒక గోపురంలో చిమ్మచీకటిలో కేవలం స్పర్శతోనే దారి తెలుసుకొంటూ నడవవలసి ఉంటుంది. వస్తువులను తయారుచేసే కార్మికశాల కూడా సందర్శకులకు కనిపించేటట్లే ఉన్నది. వస్తువుల పక్కన నిలిచి వచ్చినవారికి సాయపడేవారిలో ఉన్నత పాఠశాల విద్యార్థులు కూడా ఉంటారు. వారు ఉపన్యాసాలు ఇవ్వరు. పక్కన నిలబడి, 'ఇలా చేసి చూడండి, ఏమి కనిపించింది?' అని అడుగుతారు. ప్రదర్శనశాలలో పరీక్ష లేదు గనుక తప్పేవాడూ ఉండడన్న భావం ఆపెన్‌హైమర్‌గారిది.

వంటపుస్తకంవలె పంచిన విద్య

ఆ సంస్థ చేసిన పనులలో మనవంటి బీద కళాశాలకు ఎక్కువగా పనికివచ్చేది వేరొకటి ఉన్నది. తమ వస్తువుల తయారీ వివరాలను వారు రహస్యంగా దాచుకోలేదు. ఏ వస్తువుకు ఏ సామాను కావలెను, ఎలా అమర్చవలెను, ఎక్కడ పొరపాటు జరుగుతుంది అన్న సంగతులన్నీ 1970వ దశకం నుండి 'వంటపుస్తకం' అనే పేరుతోనే గ్రంథాలుగా ప్రచురించారు. ఎవరైనా చూచి చేసుకోవచ్చును. 1984లో ఉపాధ్యాయుల శిక్షణకు ఒక విభాగాన్ని నెలకొల్పారు. అందులోని ఉపాధ్యాయులు, పెద్ద పెద్ద వస్తువులను తరగతి గదిలో చవక సామానుతో చేసుకొనేటట్లు చిన్నవిగా మార్చారు. వాటికి 'స్నాక్స్', అనగా చిరుతిళ్ళు, అని సరదాగా పేరుపెట్టారు. నేడు అవి ఇంటర్నెట్‌లో అందరికీ ఉచితంగా లభిస్తున్నాయి. 

ఈ చిరుతిళ్ళ అమరికలో ఒక బోధనారహస్యం ఉన్నది. మొదట 'చేయవలసినది, గమనించవలసినది' అన్న భాగం వస్తుంది. ఆ తరువాతనే 'ఇక్కడ జరుగుతున్నదేమిటి?' అన్న వివరణ వస్తుంది. మన పాఠ్యపుస్తకాలలో వరుస తలకిందులుగా ఉంటుంది: ముందు నిర్వచనం, తరువాత సూత్రం, ఆ తరువాత సూత్రాన్ని రుజువు చేసే ప్రయోగం. ఆకలి పుట్టకముందే అన్నం వడ్డించడం వంటిది ఇది. ఆశ్చర్యం ముందు కలగాలి. వివరణ తరువాత రావాలి. 

మన దేశంలో కూడా ఈ కృషి చిన్నదేమీ కాదు. 1959లో కలకత్తాలో బిర్లా పారిశ్రామిక, సాంకేతిక మ్యూజియం ప్రారంభమైంది. ఆ సంస్థ 1965 నుండి ప్రదర్శన వస్తువులను వాహనంలో పెట్టి ఊళ్ళకు పంపింది. 1960వ దశకంలోనే బెంగుళూరులో విశ్వేశ్వరయ్యగారి పేరుతో మరొక మ్యూజియం వచ్చింది. ఇటువంటి సంస్థలన్నింటినీ నడపడానికి 1978లో జాతీయ విజ్ఞాన ప్రదర్శనశాలల మండలి ఏర్పడింది. తెలుగునాట హైదరాబాదులో బిర్లా నక్షత్రశాల 1985లోను, దాని పక్కన విజ్ఞాన ప్రదర్శనశాల 1990లోను వెలిశాయి. తిరుపతిలో ప్రాంతీయ విజ్ఞాన కేంద్రం 1993లో ప్రారంభమైంది. 

ఈ పుటతోనే ఒక ప్రయోగం

ప్రదర్శనశాలకు పోకముందే, ఈ సంచిక చేతిలో ఉండగానే, చదువరులు ఒక చిన్న పని చేయవలెనని మా కోరిక. ఒక తెల్లకాగితం మీద ఎడమవైపున ఒక కూడిక గుర్తు వేయండి. దానికి కుడిగా, 8 సెంటీమీటర్ల దూరంలో, శనగగింజంత నల్లని చుక్క పెట్టండి. ఎడమకన్ను మూసి, కుడికంటితో కూడిక గుర్తునే చూస్తూ, కాగితాన్ని చాచిన చేతి దూరం నుండి మెల్లగా దగ్గరకు తెచ్చుకోండి. సుమారు 30 సెంటీమీటర్ల దూరంలో నల్లచుక్క మాయమవుతుంది. ఇంకా దగ్గరకు తెస్తే మళ్ళీ కనిపిస్తుంది.

జరిగినదేమిటి? కంటిలోని నేత్రపటలం నుండి దృక్ నాడి వెలుపలికి పోయే చోట వెలుతురును గ్రహించే కణాలు లేవు. దానినే అంధబిందువు అంటారు. చుక్క ప్రతిబింబం అక్కడ పడినప్పుడు మనకు చుక్క కనిపించదు. కాని ఆ చోట చీకటి రంధ్రం కూడా కనిపించదు; చుట్టూ ఉన్న తెలుపుతో మెదడు ఆ ఖాళీని పూడ్చివేస్తుంది. మనకు కనిపించనిది ఉన్నదన్న సంగతి కూడా పుట్టినప్పటినుండి మనకు తెలియలేదు. ఈ సంగతిని పది పుటల వర్ణన కంటె ఈ ఒక్క చుక్క బాగా నేర్పుతుంది. 

చెట్టునీడలో సూర్యబింబం

రెండవ పాఠం మన కళాశాల ఆవరణలోని వేపచెట్టు కింద ఉన్నది. ఎండవేళ ఆకుల సందుల నుండి నేలమీద పడే వెలుగుమచ్చలను అందరమూ చూచినవాళ్ళమే. ఆకుల సందులు ఎన్నో వంకర ఆకారాలలో ఉంటాయి; కాని మచ్చలు చాలావరకు గుండ్రంగా ఉంటాయి. ఎందువలన? ప్రతి సందూ సూదిబెజ్జపు కెమెరావలె పనిచేస్తున్నది; ప్రతి మచ్చా సూర్యుడి ప్రతిబింబమే. ఎక్స్‌ప్లొరేటోరియంలో పనిచేసిన బాబ్ మిల్లర్ అనే కళాకారుడు సందర్శకులను ఆరుబయటకు తీసుకొనిపోయి, చెట్లనీడలలో ఈ సూర్యబింబాలను చూపేవారు.

ఈ విద్యకు చాలా పూర్వమే బీజం వేసినవారు ఇబ్నుల్ హైసమ్. బస్రాలో పుట్టి, కైరోలో స్థిరపడిన ఈ మహనీయుడు 11వ శతాబ్దపు తొలి దశకాలలో 'కితాబుల్ మనాజిర్' అనే దృగ్గోచరశాస్త్ర గ్రంథాన్ని రచించారు. చీకటిగదికి ఉన్న రంధ్రం ఎదుట అనేక దీపాలు పెట్టి, లోపలి గోడమీద ఒక్కొక్క దీపానికి ఒక్కొక్క వెలుగుమచ్చ పడడం ఆయన గమనించారు. ఒక దీపానికి అడ్డం పెడితే దాని మచ్చ ఒక్కటే మాయమైంది. వెలుగురేఖలు ఒకే రంధ్రంగుండా పోయినా ఒకదానితో ఒకటి కలిసిపోవని, తిన్ననైన గీతలోనే సాగుతాయని ఆయన తేల్చారు. పెద్దల మాటను పరీక్షించనిదే నమ్మరాదన్నది ఆయన మార్గం. మూడు కొవ్వొత్తులు, ఒక అట్టముక్క ఉంటే ఆ పరీక్షను మనం నేటి సాయంత్రమే చేయవచ్చును.

అదే విద్యతో సూర్యుణ్ణి కొలవవచ్చును. పాత క్యాలెండరు అట్టకు సూదితో బెజ్జం చేసి, సూర్యుడికి వీపు తిప్పి నిలుచుని, ఎండను ఆ బెజ్జంగుండా పోనిచ్చి, 2 మీటర్ల దూరంలో నీడలో ఉంచిన తెల్లకాగితం మీద పట్టండి. బెజ్జంలోనుండి సూర్యుణ్ణి నేరుగా చూడడం కంటికి మహాప్రమాదం. ఆ పని ఎన్నడూ చేయరాదు. కాగితం మీద పడిన బింబం వ్యాసం సుమారు 18 లేక 19 మిల్లీమీటర్లు ఉంటుంది. 2000ను 18.6తో భాగిస్తే సుమారు 108 వస్తుంది. సూర్యుడు తన వ్యాసానికి 108 రెట్ల దూరంలో ఉన్నాడని దీని అర్థం. సూర్యుడి దూరం సుమారు 15 కోట్ల కిలోమీటర్లు గనుక, వ్యాసం సుమారు 14 లక్షల కిలోమీటర్లని తేలుతుంది. ఒక అట్టముక్క, ఒక సూది, ఒక స్కేలు: ఇంతే పరికరం.

1980 ఫిబ్రవరి 16న నాటి ఆంధ్రప్రదేశ్ మీదుగా సంపూర్ణ సూర్యగ్రహణం సాగింది. హైదరాబాదుకు సమీపాన రంగాపూర్‌లోని ఉస్మానియా విశ్వవిద్యాలయపు వేధశాల నుండి శాస్త్రజ్ఞులు దాన్ని పరిశీలించారు. అదే సమయంలో ఎందరో తలుపులు మూసుకొని ఇళ్ళలో కూర్చున్నారు. గ్రహణం పట్టిన సూర్యుడి బింబాలు వందలకొలదిగా, నెలవంకల రూపంలో, ఏ హానీ చేయకుండా చెట్లనీడలలో నేలమీద పరచుకొన్నాయి. ఆ నెలవంకలను చూడడానికి దుర్భిణి అక్కరలేదు. కిందికి చూడడం తెలిస్తే చాలును. 

వసారాలో ఒక సాయంకాలం

మూడవ పాఠం మాకు మా విద్యార్థులే చెప్పినది. ఒకనాడు కళాశాల వసారాలో ఒక బల్ల వేసి, దాని మీద కొన్ని సామాన్య వస్తువులు పెట్టి, ఎవరైనా తాకవచ్చునని రెండు భాషలలోను రాయించాము. వసారా దూలానికి రెండు దారాలు సమాన పొడవున వేలాడదీసి, ఒకదానికి చిన్నరాయి, ఒకదానికి పెద్దరాయి కట్టాము. రాళ్ళ మధ్యభాగాలు ఒకే ఎత్తున ఉండేటట్లు చూచాము. ఏది త్వరగా ఊగుతుందని అడిగితే, చాలామంది పెద్దరాయి అనే అన్నారు. సరే, లెక్కపెట్టండి అన్నాము. ఉర్దూ మాధ్యమం విద్యార్థులు ఒక రాయిని, తెలుగు మాధ్యమం విద్యార్థులు మరొక రాయిని ఎంచుకొన్నారు. ఒకవైపు 'ఏక్, దో, తీన్', మరొకవైపు 'ఒకటి, రెండు, మూడు'. రెండు గొంతులూ కలిసి నడిచాయి. 'బీస్' అన్న మాట, 'ఇరవై' అన్న మాట ఒకేసారి వెలువడ్డాయి. పిల్లలందరూ ఒకరి ముఖం ఒకరు చూచుకొని నవ్వారు. 

లోలకాన్ని ఉర్దూ పుస్తకాలలో 'రక్కాస్' అంటారు. నాట్యం చేసేది అని అర్థం. తెలుగులో 'లోలకం' అంటే ఊగేది. ఒకరికి అది నాట్యం, ఒకరికి అది ఊయల. రాయికి మాత్రం రెండు భాషలూ ఒకటే. ఏడాది పొడుగునా వేరు వేరు గదులలో కూర్చునే ఈ రెండు మాధ్యమాల పిల్లలు కలిసి ఒక పాఠం చదవడం మేము చూచినది ఆనాడే.

అంతలో ఒక విద్యార్థి ఒక రాయిని దాదాపు దూలం ఎత్తుకు లాగి వదిలి, 'ఇప్పుడు కూడా సమానమేనా సార్?' అని అడిగాడు. ఊపు చిన్నదైనా పెద్దదైనా పట్టే కాలం ఒకటేనని మేము తరగతిలో చెప్పి ఉన్నాము. సమానమే అన్నాము. వారు మా మాట నమ్మలేదు, లెక్కపెట్టారు. చిన్నగా ఊగినది ఇరవై ముగించేసరికి, పెద్దగా ఊగినది ఇంచుమించు ఒక ఊపు వెనకబడింది. మా పొరపాటు మాకు తెలిసివచ్చింది. ఊపు చిన్నదిగా ఉన్నప్పుడే ఆ నియమం వర్తిస్తుందని పాఠ్యపుస్తకంలో స్పష్టంగా ఉన్నది. పరీక్షకు అవసరం లేదని ఆ వాక్యాన్ని మేమే వదిలివేశాము. పిల్లల ముందు ఆ సంగతి ఒప్పుకొన్నాము. చిత్రమేమిటంటే, ఆ ఒప్పుకోలు తరువాత వారికి మా మీద గౌరవం తగ్గలేదు. ప్రశ్నలు మాత్రం పెరిగాయి. 

ఆనాడు మాట్లాడిన మరొక విద్యార్థిని గురించి చెప్పకుండా ఉండలేము. తరగతిలో చివరి వరుసలో కూర్చునే పిల్లవాడు. భౌతికశాస్త్రంలో అత్తెసరు మార్కులవాడు. అతని తండ్రికి గడియారాలు బాగుచేసే చిన్న దుకాణం ఉన్నది. రాళ్ళను కాసేపు చూచి, 'బరువుతో పని లేదు సార్, పొడవుతోనే పని. పాత గోడగడియారం ఎండాకాలంలో వెనకబడుతుంది. నాన్న కింది మర తిప్పి బిళ్ళను కొంచెం పైకి ఎక్కిస్తాడు, సరిపోతుంది' అన్నాడు. అతడు చెప్పినది అక్షరాలా నిజం. ఉక్కు కమ్మీ ఉన్న గడియారం, వేడి 10 డిగ్రీల సెల్సియస్ పెరిగితే, కమ్మీ సాగడంవల్ల రోజుకు సుమారు 5 సెకన్లు వెనకబడుతుంది. లోలకం పొడవు 1 మీటరు ఉంటే ఒక పూర్తి ఊపుకు 2 సెకన్లు, 25 సెంటీమీటర్లు ఉంటే 1 సెకను పడుతుంది. ఈ సూత్రం పేరు ఆ పిల్లవానికి తెలియదు. సూత్రం మాత్రం తెలుసు. రెండేళ్ళుగా అతడు మా తరగతిలో ఉన్నాడు. అతనికి ఇంత తెలుసునని మాకు తెలియలేదు. తెలుసుకొనే ప్రశ్న మేము ఒక్కనాడూ అడగలేదు. మా అంధబిందువులో కూర్చున్నవాడు అతడు.

ఎలా చూడవలెను?

విహారయాత్రలలో విజ్ఞాన ప్రదర్శనశాలకు పోయిన విద్యార్థులను మేము గమనించాము. కనిపించిన బొత్తామునల్లా నొక్కి, జరిగేది చూడకుండానే మరొక వస్తువు దగ్గరకు పరుగెత్తుతారు. గంటలో వంద వస్తువులు అయిపోతాయి. సాయంత్రానికి ఒక్కటీ గుర్తుండదు. చేయి కదిలినంత మాత్రాన మనసు కదిలినట్లు కాదు. చేసినదాన్ని మనసు ప్రశ్నించకపోతే అది ఆట అవుతుందేగాని చదువు కాదు. అలాగే, ప్రదర్శనశాల గణితానికి, పాఠ్యగ్రంథానికి బదులు కాజాలదు. ఆశ్చర్యాన్ని అది పుట్టిస్తుంది. ఆ ఆశ్చర్యాన్ని జ్ఞానంగా మార్చుకోవడానికి మళ్ళీ పుస్తకం దగ్గరకే రావలసి ఉంటుంది. 

కనుక హైదరాబాదుకో, తిరుపతికో పోయినప్పుడు వంద వస్తువులు చూడనక్కరలేదు, మూడు చాలును. వస్తువును ముట్టకముందే ఏమి జరుగుతుందో ఊహించి కాగితం మీద రాసుకోవలెను. తరువాత చేయవలెను. ఊహకూ జరిగినదానికీ తేడా వస్తే, ఆ తేడాయే ఆనాటి సంపాదన. తిరిగివచ్చిన తరువాత ఆ మూడింటిలో ఒకదానినైనా ఇంటిలో దొరికే సామానుతో చేయడానికి ప్రయత్నించవలెను. 

పాలక సంఘంవారికి మనవి

మన రెండు భాషలకూ విజ్ఞానశాస్త్రం కొత్తది కాదు. 1917లో హైదరాబాదులో ఏర్పడిన అనువాద సంస్థ, 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయం కోసం ఉర్దూలో శాస్త్రగ్రంథాలు సిద్ధం చేసింది. 1968లో స్థాపించిన తెలుగు అకాడమీ కళాశాల స్థాయి పాఠ్యగ్రంథాలను, పరిభాషను తెలుగులో అందించింది. ఆ పెద్దలు మాటలను సమకూర్చి ఇచ్చారు. ఆ మాటలకు అనుభవాన్ని జతచేయవలసిన బాధ్యత మనది. 

అందుకు పెద్ద భవనం కోరడం లేదు. వసారాలో మూడు గట్టి బల్లలు, వారానికి ఒక సాయంకాలం చాలును. ఆ బల్లల మీది వస్తువు విరిగితే విద్యార్థినుండి వెల వసూలు చేయరాదన్నది మా మొదటి మనవి. విరుగుతుందన్న భయం ఉన్నంతకాలం బీదపిల్లల చేతులు వెనుకనే ఉంటాయి. ప్రతి వస్తువు పక్కన ఉర్దూలోను, తెలుగులోను విద్యార్థులే రాసిన పలక ఉండవలెనన్నది రెండవది. ఒకరికి అర్థమయ్యేటట్లు రాయవలెనంటే ముందు తమకు అర్థం కావలెను. ఈ పిల్లలు సమీపంలోని పాఠశాలల పిల్లలకు సహాయకులుగా నిలబడే ఏర్పాటు చేయవలెనన్నది మూడవది. బీరువా తాళంచెవి విద్యార్థులకు కనిపించే చోట వేలాడవలెనన్నది చివరిది.

విద్యార్థులకు ఒక్క మాట. 980 రాకపోతే రాలేదనే రాయండి. ఎందుకు రాలేదో వెదకండి. దారం పొడవు కొలవడంలో పొరబడ్డారా, ఊపు పెద్దదయిందా, లెక్క ఒకటి తప్పిందా చూడండి. ఆ వెదకులాటలో మీకు దొరికేది మార్కుల పట్టికలో కనిపించదు. కాని ఆనాడు మీ ప్రయోగం తజుర్బా అవుతుంది.

ఆ వసారాలోని రెండు దారాలను మేము ఇంకా విప్పలేదు. దారిన పోతూ ఎవరో ఒకరు ఒక రాయిని తోసి, కాసేపు నిలిచి చూచి పోతూ ఉన్నారు. గడియారాల దుకాణం పిల్లవాడు ఒక దారం పొడవును నాలుగోవంతుకు తగ్గించి, దాని కింద ఒక కాగితం అంటించాడు. దాని మీద రెండు భాషలలోను ఒకే ప్రశ్న ఉన్నది: ఇప్పుడు ఏది త్వరగా ఊగుతుంది, ఎన్ని రెట్లు? జవాబు మాత్రం అతడు రాయలేదు.